"నాలుగు చెట్లు నాటితే పోలేదా" అనేవారికి

మొన్న తిరుపతిలో ఒక పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర ఎండల మీద మాట వచ్చింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా పట్టుకునే యంత్రాలు వచ్చాయని చెప్పాను. పక్కన కూర్చున్న పెద్దాయన, బాగా చదువుకున్న మనిషి, "ఎందుకండీ ఆ హంగామా, నాలుగు చెట్లు నాటితే పోలేదా" అన్నారు. ఆకులో అన్నం చల్లారిపోతున్నా ఊరుకోలేకపోయాను. అక్కడ సగంలో ఆగిన మాట ఇక్కడ పూర్తి చేస్తున్నాను.

చెట్లంటే నాకు ప్రాణం. శేషాచలం కింద పుట్టి పెరిగినవాళ్లకు అది ఎవరూ నేర్పవలసిన పని లేదు. కానీ 2014 మార్చిలో అదే శేషాచలం తగలబడటం మేడ మీద నిలబడి చూశాను. పగలంతా పొగ, రాత్రయితే కొండ అంచున ఎర్రటి గీత. ఆర్పడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. చెట్టు ఏళ్ల తరబడి కూడబెట్టిన కార్బన్‌ను మంట ఒక్క పూటలో గాలికి తిరిగి ఇచ్చేస్తుంది. మనం కాలుస్తున్న బొగ్గేమో కోట్ల ఏళ్లు భూమి అడుగున కదలకుండా పడి ఉన్నది. ఆ బాకీని మొక్కలతోనే తీర్చేస్తామంటే లెక్క కుదరదు.

పైగా మనం నాటే తీరు కూడా తెలిసిందే. కొన్నేళ్ల క్రితం జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, మేమంతా కలిసి వంద మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. మరుసటి మే నెలలో చూడబోతే పదకొండు మిగిలాయి. తక్కినవన్నీ ఎండిన గుంతలే. ఆ రోజు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ పోలేదు.

నేను పిల్లలకు రసాయనశాస్త్రం చెబుతాను. ఈ యంత్రాల కిటుకు మా ప్రయోగశాలలో పాతదే. సున్నపు తేటను ఒక వెడల్పాటి పళ్లెంలో పోసి రాత్రంతా వదిలేస్తే, తెల్లవారేసరికి పైన పలుచటి తెల్లని పొర కడుతుంది. వేలితో తాకితే చిట్లుతుంది. అది గాలిలోంచి వచ్చి చేరిన కార్బన్ డయాక్సైడే, సున్నంతో కలిసి సున్నపురాయిగా మారింది. తాతల కాలంలో గోడకు కొట్టిన సున్నం ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడటంలో ఉన్నదీ ఇదే. పట్టుకోవడం వరకు ప్రకృతి మనకు ఉచితంగా చేసిపెడుతుంది. కష్టమంతా విడిపించడంలో ఉంది. పట్టిన వాయువును బయటికి తీసి ఒకచోట చేర్చి, ఆ సున్నాన్ని మళ్లీ వాడుకోవాలంటే దాదాపు 900 డిగ్రీల వేడి కావాలి. సున్నపుబట్టీ పక్కన ఒక్కసారి నిలబడినవారికి ఆ వేడి ఏమిటో చెప్పనక్కరలేదు. కెనడాలో పుట్టిన పద్ధతి ఒకటి దాదాపు ఈ దారిలోనే నడుస్తుంది. స్విట్జర్లాండ్ కంపెనీ క్లైమ్‌వర్క్స్ వాళ్లు వేరే పదార్థం వాడి, వంద డిగ్రీల దగ్గరే పని జరిపిస్తున్నారు.

ఇంకో చిక్కు, గాలిలో ఈ వాయువు ఉండేది పది వేలలో నాలుగు పాళ్లకు కాస్త ఎక్కువ, అంతే. రోజుకు డెబ్బై వేల మంది తిరుమల కొండెక్కుతారనుకుంటే, అంత జనంలో ముప్పై మందిని వెతికి పట్టుకోవడం లాంటిది. అందుకే టన్ను వాయువును పట్టడానికి వేడి, విద్యుత్తు కలిపి సుమారు రెండు వేల యూనిట్ల శక్తి పడుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది పది నెలల కరెంటు. ఆ శక్తి బొగ్గు కరెంటు నుంచే వస్తే, ఒక టన్ను పట్టడానికి రెండు టన్నులు వదిలినట్టే. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకోకుండా ఈ యంత్రాలను పొగడకూడదు.

ఐస్‌లాండ్‌లో భూగర్భ వేడి ఉంది కాబట్టి క్లైమ్‌వర్క్స్ వాళ్లు అక్కడ మొదలుపెట్టారు. 2021లో ఓర్కా అనే ప్లాంటు, ఏడాదికి 4,000 టన్నులు పట్టేందుకు. 2024లో మామత్ అనే పెద్ద ప్లాంటు, 36,000 టన్నులకు. ఓర్కా చెప్పినంత పట్టలేకపోయింది. మామత్ ఏడాదంతా పూర్తి సామర్థ్యంతో పనిచేసినా, ప్రపంచం అర నిమిషంలో వదిలే పొగకు అది సమానం. కానీ పట్టిన వాయువును నీటిలో కలిపి బసాల్ట్ రాతిలోకి (లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి) పంపితే రెండేళ్లలోపే రాయిగా మారుతోంది. దాన్ని అడవి మంట తాకలేదు. నన్ను కట్టిపడేసింది ఇదే.

మన కొండలు అందుకు పనికిరావు. తిరుమల ఘాట్ రోడ్డులో భూగర్భ శాస్త్రవేత్తలు ప్రపంచానికి చూపించే చోటు ఒకటి ఉంది: కింద గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు, రెంటి వయసుల మధ్య 80 కోట్ల ఏళ్ల ఖాళీ. ఎంతో గొప్ప రాళ్లు, కానీ ఈ వాయువును రాయిగా మార్చే గుణం వాటికి లేదు. అది మహారాష్ట్ర వైపు దక్కన్ బసాల్ట్‌కు ఉంది. పక్కనే ఏర్పేడులో ఐఐటీ, విజ్ఞానశాస్త్ర పరిశోధన సంస్థ ఐసర్ రెండూ ఉన్నాయి, గాదంకిలో వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. తక్కువ వేడితో వాయువును వదిలే పదార్థం కోసం మన పిల్లలు అక్కడ ఏళ్లకేళ్లు తలపట్టుకోవాలని నా కోరిక.

నాకు కోపం తెప్పించేది మరొకటి ఉంది. 2023లో అమెరికా చమురు సంస్థ ఆక్సిడెంటల్, ఇందాక చెప్పిన కెనడా పద్ధతిని తెచ్చిన కంపెనీని 110 కోట్ల డాలర్లకు కొనేసింది. తమ పరిశ్రమను నిలబెట్టే సాధనం ఇదేనని దాని అధిపతి బహిరంగంగానే అన్నారు. అంటే పట్టుకునే యంత్రాన్ని చూపించి మరింత కాలం తవ్వుకుంటారన్నమాట. దీనికి నేను ఒప్పుకోను. సగటు భారతీయుడు ఏడాదికి వదిలేది రెండు టన్నులు, అమెరికావాసి దానికి ఆరేడు రెట్లు. టన్ను పట్టడానికి అర లక్ష రూపాయలకు పైమాటే అవుతున్నప్పుడు, ముందు జేబులో చెయ్యి పెట్టవలసింది ఎవరు? చిత్తూరు మామిడి రైతా?

పెద్దాయన చివరికి, "అయితే చెట్లు వద్దంటారా" అని అడిగారు. వద్దనలేదండీ. నాటండి, నాటి మూడు వేసవులు నీళ్లు పోయండి. బొగ్గు తగ్గించండి. అప్పటికీ సిమెంటు నుంచి, విమానాల నుంచి వచ్చేది మిగిలే ఉంటుంది, ఇంతకుముందు వదిలింది గాలిలోనే ఉంటుంది. ఆ మిగిలినదాని కోసమే నేను ఈ యంత్రాల పక్షాన మాట్లాడుతున్నాను.

సోమవారం మళ్లీ పళ్లెంలో సున్నపు తేట పోస్తాను. ఈసారి పొర కట్టడంతో ఆపను. దాన్ని గీకి బర్నర్ మీద పెట్టి, లోపలి వాయువు బయటికి రావడానికి ఎంతసేపు మంట పెట్టాలో పిల్లల చేతనే గడియారం పట్టించి చూపిస్తాను.