సవరణ: ప్రాప్ చెప్పినవి 31 పాత్రలు కావు

తిరుపతి విద్యార్థుల లఘుచిత్రాల గురించి మొన్న రాసినదాంట్లో, జానపద కథల నిర్మాణాన్ని పరిశోధించిన రష్యన్ పండితుడు వ్లాదిమిర్ ప్రాప్ గురించి చెబుతూ ‘ప్రాప్ 31 పాత్రలు చెప్పాడు’ అన్నాం. అది తప్పు, క్షమించండి. రష్యన్ అద్భుత కథలను పరిశీలించి 1928లో ఆయన చెప్పినవి 31 కథాక్రియలు, అంటే కథని ముందుకు నడిపే పనులు. పాత్రల పరిధులు, అంటే విలన్, సాయం చేసేవాడు లాంటి ఒక్కో పాత్రకి చెందే పనుల గుంపులు, ఏడే. ఆ 31 కూడా అన్నీ ప్రతి కథలో ఉండవు.

స్క్రిప్టు దగ్గర ఈ తేడా గట్టిగా తగులుతుంది. అలిపిరి దగ్గర పూలమ్మే అమ్మాయి కథే తీసుకోండి. బుట్ట తీయించిన గార్డుని విలన్ అని రాసేసుకుంటే, చివర్లో పక్కన చోటు చూపించడానికి ఇంకో మనిషిని ఇరికించాల్సి వస్తుంది. అక్కర్లేదు. అడ్డుపడినవాడే సాయమూ చేయొచ్చు. మార్జిన్‌లో పాత్ర పేరు కాదు, ఆ సీన్లో అతను చేసే పని రాయండి.

ఇంకొకటి. కథన సిద్ధాంతకారుడు తొదొరోవ్ ప్రకారం కథ మొదటి స్థితికే తిరిగొస్తుందని రాశాం. ఆయన చెప్పింది రెండో సమతౌల్యం, అంటే మొదటి స్థితి చెదిరాక మళ్లీ కుదురుకున్న స్థితి. మొదటిదాన్ని పోలి ఉంటుంది గానీ అదే కాదు. అందుకే చివరి షాటుని మొదటి షాటు ఫ్రేములోనే, అదే లెన్సుతో, అదే ఎత్తులో తీయండి. మారింది ఒక్కటే కనబడాలి, బుట్ట పక్కన రెండో పీటలాగా. ట్రైపాడ్ కాళ్ల చోట సుద్దతో గుర్తు పెట్టకపోతే ఫ్రేము జరిగిపోతుంది, అప్పుడు ఆ పీట ఎవరి కంటా పడదు. రెండు షాట్లూ ఒకే పూట తీయండి. పొద్దుటి నీడ సాయంత్రం నీడతో కలవదు.