వలిసె చేను గారికి ఒక పర్యాటకుని విన్నపం

పసుపు పూల నూనెగింజ పంటయగు మహారాజశ్రీ అరకు లోయ వలిసె చేను గారి సముఖమునకు, విశాఖపట్నం వాస్తవ్యుడైన ఒక పర్యాటకుడు నమస్కరించి చేయు విన్నపము.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమంగా ఉన్నాం. తమ క్షేమం అడగడానికి మాత్రం కొంచెం మొహమాటంగా ఉంది, ఎందుకంటే నవంబరు చివరి ఆదివారం తమలో ఒక నులకమంచం పట్టేంత మేర నేలమట్టం చేసి వచ్చినది మా కుటుంబమే. అయినప్పటికీ డబ్బిచ్చి చూసినవాడికి ఫిర్యాదు చేసే హక్కు ఉంటుందన్న నమ్మకంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా మా అధికారం ఏపాటిదో తమకు తెలియాలి. 2022 ఏప్రిల్ 4న అరకు లోయ మా జిల్లా నుండి విడిపోయి, పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసిపోయినా, విశాఖవాసికి అది నేటికీ ఇంటి పెరడే. చుట్టాలు వస్తే మొదటి రోజు సింహాచలం, సాయంత్రం రామకృష్ణా బీచ్, మర్నాడు అరకు. ఈ క్రమం తప్పితే వాళ్లు ఊరికి వెళ్లి మమ్మల్ని ఆడిపోసుకుంటారు. అందుచేత మేము కూడా చుట్టాలను వెంటేసుకుని పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ, అరవకపోతే రైలు అవతలికి దాటదన్నట్టు, పెట్టెలోని పెద్దా చిన్నా అందరం కేకలు వేశాం. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ బోర్డును కిటికీలోంచి ఫొటో తీసుకున్నాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన దారి అది. ఖనిజం కిందికి దిగుతుంది, మేము పైకి ఎక్కుతాం.

ఇక ఫిర్యాదుకు వస్తాను. వర్షాకాలం చివర్లో చల్లితే తమరు నవంబరు, డిసెంబరు నెలల్లో పూస్తారట. మేము తీరిక చేసుకుని సంక్రాంతి సెలవులకు వచ్చేసరికి కోసి కుప్ప వేసేస్తారట. కొండవాలున వాన నీటి మీదే బతికే పంట గనుక వాన వెనుకే నడుస్తుందని మా ఆటో నడిపిన కుర్రవాడు సర్దిచెప్పబోయాడు గాని, పిల్లలకు వేసవి సెలవులు, ఉద్యోగులకు రెండో శనివారాలు ఉన్నాయన్న సంగతి ఇన్నేళ్లలో ఎవరో ఒకరు తమ చెవిన వేసి ఉండవలసింది.

ఆ తేనెటీగల సంగతి కూడా చూడండి. మా మరదలు ఎర్ర పట్టుచీర కట్టుకుని (పసుపు మీద పసుపు కనిపించదని ముందే ఆలోచించి తెచ్చుకున్నది) తమ నడుమ నిలబడి నవ్వబోయేసరికి చెవి పక్కన రొద మొదలైంది. విచారిస్తే, తమ పుప్పొడి తమకే పనికిరాదని, పక్క మొక్క పుప్పొడిని తేనెటీగ తెచ్చి పెడితే తప్ప గింజ కట్టదని తెలిసింది. గింజ కట్టడం తమ సొంత వ్యవహారం. దాన్ని ఫొటోలు దిగే వేళకు పెట్టుకోవడం ఏమి మర్యాదో నాకు బోధపడలేదు.

తమ పేరు విషయంలోనూ మాకు ఇబ్బంది కలిగింది. ఫొటో చూసిన ఒక మిత్రుడు ఆవపూలన్నాడు, మరొకడు బుల్లి పొద్దుతిరుగుడన్నాడు. రెండోవాడు కులం వరకు సరిగానే పట్టుకున్నాడు, తమది పొద్దుతిరుగుడు కుటుంబమే. తమకు వెర్రినువ్వులు అని ఇంకొక పేరు కూడా ఉందట. వెర్రి తమ పేరులో ఉన్నది, వేలంవెర్రి మాది. నల్లగా నిగనిగలాడే ఆ గింజను గానుగాడితే వంటనూనె వస్తుందని, ఏజెన్సీ ఇళ్లలో దానితోనే కూర తాలింపు వేస్తారని, అమెరికాలో పెరటి పిట్టలకు మేతగా కూడా మన దేశం నుంచి ఎగుమతి అవుతుందని ఇంటికి వచ్చాక చదివాను. ఖండాంతరాల్లోని పిట్టలు తమను తిండిగా గుర్తించాయి. నూట పదిహేను కిలోమీటర్ల దూరంలోని మేము గుర్తించలేకపోయామంటే, ఆ రోజు మా దృష్టి అంతా వెలుతురు మీద ఉండటం వల్లనే.

నేలమట్టం చేసిన వైనం గురించి కూడా నిజం చెప్పుకోవాలి, తప్పు మా ఒక్కరిది కాదు. రోడ్డు గట్టు నుంచి చేను మధ్యకు అప్పటికే సన్నని కాలిబాట పడి ఉంది. దాని చివర గేదె పొర్లినట్టు గుండ్రంగా మొక్కలు ఒరిగిపోయి ఉన్నాయి. మా కన్నా ముందు వచ్చిన కుటుంబాలు సిద్ధం చేసిన వేదిక అది. తీరా అక్కడ నిలబడితే, ఫొటోలో కాళ్ల దగ్గర ఎండిన కాడలు కనిపించి అసహ్యంగా ఉందని చుట్టాలు అభిప్రాయపడ్డారు. అందుచేత రెండడుగులు పక్కకు, నిటారుగా నిలిచిన పూలలోకి జరిగాం. తమ కాడ లేతది, కాలి కింద టప్పున విరుగుతుంది. మా వెనుక వచ్చినవారు మేము తొక్కిన చోటు చూసి అదే అభిప్రాయానికి వచ్చి, ఇంకో రెండడుగులు జరిగారు.

పశువులు సాధారణంగా తమ జోలికి రావు. అందుకే తమకు కంచె వేసే ఆనవాయితీ లేదు. పైగా ఇతర పంటలకు కాపలాగా తమను గట్ల వెంట చల్లుతారు. ఆవు, ఎద్దు ముట్టని పంటను ఎవరి కోసం కాపలా కాయాలో పాపం ఆ రైతు కుటుంబానికి ముందుగా ఎలా తెలుస్తుంది? తెలిసిన వెంటనే మనిషికి 20 రూపాయలు పెట్టారు. ఆ సొమ్ము వసూలు చేస్తున్న పెద్దామెతో నేను, "అమ్మా, తోట చూడటానికి కూడా డబ్బులేనా?" అన్నాను. ఆమె, "తోట కాదు బాబూ, సేను. తొక్కీకండి," అన్నది. అంతకు గంట ముందు బొంగులో చికెన్‌కు చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చినవాడిని, ఆమె దగ్గర మాత్రం ఐదుగురికి 100 రూపాయలు అన్యాయమని వాదించి 60కి ఒప్పించాను. ఆ 40 రూపాయలు మిగిల్చినందుకు బావమరిది నా లౌక్యాన్ని ఆటోలో మెచ్చుకున్నాడు.

ఈ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనరాదని 1/70 చట్టం చెబుతున్నది. మేము చట్టాన్ని గౌరవించేవాళ్లం గనుక ఒక్క సెంటు కూడా కొనలేదు, ఊరికే నిలబడి వచ్చాం.

చివరిగా ఒక శుభవార్త. ఆ రోజు తీసిన వాటిలో బాగా కుదిరిన ఫొటోను పెద్దది చేయించి హాల్లో, టీవీకి పైన పెట్టుకున్నాం. అయితే అందులో కుడివైపు మూలన ఆ పెద్దామె వంగి, ఒరిగిన కాడలను ఒక్కొక్కటిగా లేపి నిలబెట్టబోతూ పడింది. ఆమె చెయ్యి వదిలిన కాడలు మళ్లీ పక్కకు వాలి ఉండటం కూడా కొంచెం పరికించి చూస్తే కనిపించింది. స్టూడియో అబ్బాయితో చెప్పి ఆమెను తీయించేశాం. ఆమె ఉన్న చోట ఖాళీ కనిపించకుండా అతను పక్క నుంచి పూలు తెచ్చి నింపాడు. కాబట్టి మా ఇంట్లో మటుకు ఈ ఏడాది తమ దిగుబడి కొంచెం పెరిగిందని సంతోషంతో తెలియజేసుకుంటున్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
వచ్చే నవంబరులో మరల తమ దర్శనం కోరే
ఒక విశాఖవాసి