మహారాజశ్రీ యూసీ గారికి

మహారాజశ్రీ యుటిలైజేషన్ సర్టిఫికెట్ గారి దివ్య సముఖమునకు, హైదరాబాదు నుంచి ఒక రీసెర్చ్ స్కాలరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

అలవాటుకొద్దీ అలా రాశాను గానీ, మీ కుశలానికి లోటేముంది? ఇచ్చిన గ్రాంటు ఖర్చయిందని సర్కారుకు చెప్పే కాగితం మీరు, సర్కారు ఖర్చుల నిబంధనలైన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో ఫారం 12-ఏగా స్థిరపడ్డారు. మీరు వెళ్ళందే తర్వాతి విడత గ్రాంటు కదలదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, మా ల్యాబుకు ఆ పూజారి మీరే.

మేం పనిచేసేది పార్కిన్సన్స్ మీద. మా ఊళ్ళో వణుకుడు రోగమంటేనే తెలుస్తుంది. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దాని లక్షణాలు రాసిపెట్టాడు. 1960ల చివర్లో లెవోడోపా వైద్యం వచ్చింది, ఇప్పటికీ అదే పెద్దదిక్కు. వణుకునీ బిగుతునీ తగ్గిస్తుంది, జబ్బు ముదరడాన్ని మాత్రం ఆపలేదు. చెయ్యి వణకడం మొదలయ్యేసరికే మెదడులో డోపమైన్ అనే, కదలికల్ని నడిపించే రసాయనాన్ని తయారుచేసే కణాలు చాలావరకు పోయి ఉంటాయి. అవెందుకు చస్తున్నాయో చూద్దామంటే బతికున్న మనిషి మెదడు తెరవలేం. అందుకే పేషెంటు రక్తంలోంచి కణాలు తీసి, వాటిని వెనక్కి, ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా మార్చి, మళ్ళీ నాడీకణాలుగా పెంచుతాం. వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు.

ఈ కణాల్ని మీరెప్పుడూ చూసి ఉండరు కనుక కాస్త చెప్తాను. 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ మధ్య, చిన్న ప్లాస్టిక్ గిన్నెల్లో ఉంటాయి. మూలకణాలుగా ఉన్నన్నాళ్ళూ దాదాపు రోజూ పాత మీడియం, అంటే కణాల తిండి ద్రవం, పీల్చేసి కొత్తది పోయాలి. ఆదివారం లేదు, బోనాలు లేవు. నిమజ్జనం నాడు ట్యాంక్‌బండ్ దారులన్నీ మూసేసినా ఎవరో ఒకరం సందుల్లోంచి పడి వెళ్ళాల్సిందే. అశ్రద్ధ చేస్తే గుంపు అంచుల్లో కణాలు రూపు మారి ఎందుకూ పనికిరాకుండా పోతాయి. మీకేమో ఏడాదికోసారి, మార్చి 31న భోజనం. ఈ రెండు ఆకళ్ళ మధ్య మేము.

పోయినేడు రెండో విడత ఫిబ్రవరి ఆఖర్లో దిగింది. మార్చి దాటితే మురిగిపోతుంది. "ఎట్లన్న జేసి మార్చిల ఒడగొట్టుండ్రి మేడం" అన్నాడు అకౌంట్స్ సారు. అప్పటిదాకా పక్క ల్యాబు అన్నను బతిమాలి మీడియం అప్పు తెచ్చుకున్నవాళ్ళం, ఒక్కసారిగా కోటీశ్వరులమయ్యాం. ఫ్రిజ్‌లో పట్టనన్ని సీసాలు కొన్నాం. మీలో "మిగులు: సున్నా" అని పడింది, పైవాళ్ళు మెచ్చుకున్నారు. జూన్‌లో సగం సీసాలు గడువు తీరి సింకులో పోశాం. దానికి ఫారం లేదు.

మీడియం అప్పు తెచ్చుకున్న రోజుల్లోనూ ప్రయాణాల పద్దులో డబ్బుంది, కానీ ఆ పద్దు సొమ్ము మీడియానికి వాడకూడదు. కణాల్ని ఎక్కడికన్నా వెళ్ళి తినిరమ్మని పంపే వీలుంటే వాడుకునేవాళ్ళం.

ఇంకో ముచ్చట. గ్రాంటు ఖాతాలో పడి ఉండి వడ్డీ పుడితే దాన్ని సర్కారు ఖజానాకు, అదే కన్సాలిడేటెడ్ ఫండ్‌కు తిరిగి కట్టాలి. సబబే, సర్కారు సొమ్ము. ఆలస్యంగా పంపినందుకు మాకు వడ్డీ కట్టే రూలు ఎక్కడుందో వెతుకుతున్నాను.

లెక్క అడగొద్దని కాదండీ నేననేది. అడగాల్సిందే. మీరడిగేది డబ్బు అయిపోయిందా అని. పనితీరు నిబంధనల ప్రకారమే ఉందన్న వాక్యమూ మీలో ఉంది, కాకపోతే అది ముందే అచ్చేసి ఉంటుంది, కింద సంతకం పెట్టడమే మా పని. దేశం మొత్తం పరిశోధన మీద పెడుతున్నది జీడీపీలో 0.64 శాతమని సర్కారు లెక్కే చెప్తోంది. 2023లో పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ కోసం అనుసంధాన్ చట్టం తెచ్చి ఐదేళ్ళలో 50,000 కోట్లన్నారు, అందులో సింహభాగం ప్రైవేటు నుంచి రావాలట. 2025 జూన్‌లో మాత్రం ఒక మంచిపని జరిగింది, కొటేషన్లు లేకుండా కొనుక్కునే హద్దును లక్ష నుంచి రెండు లక్షలు చేశారు. ఆ రోజు ల్యాబులో సమోసాలు తెప్పించుకున్నాం.

మాకు రక్తమిచ్చినవాళ్ళలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారున్నారు. ఈ జబ్బులో చేతిరాత కుదించుకుపోతుంది. మొదటి అంగీకారపత్రం మీద ఆయన సంతకం గడి నిండా ఉంది. ఈమధ్య పెట్టినది చీమ తలకాయంత, చివరి అక్షరాలు గీతలో కలిసిపోయాయి. పింఛను బ్యాంకులో సంతకం కుదరలేదని వెనక్కి పంపారట. "ఏం బిడ్డా, మందు దొరికిందా?" అంటారు వచ్చినప్పుడల్లా. "పని నడుస్తోంది సార్" అంటాను. మీడియం కోసం ఎదురుచూడటం కూడా పనిలోకే వస్తుంది గదా.

కనుక మనవి ఏమనగా, ప్రాజెక్టు మూడేళ్ళదైతే లెక్కా మూడేళ్ళకే అడగండి. మధ్యలో ఎవరినైనా పంపండి, ఇంక్యుబేటరు తలుపు తీసి చూపిస్తాం. మిగిలిన డబ్బును ఏప్రిల్లోకి తీసుకెళ్ళనివ్వండి. పద్దుల మధ్య గోడలు కొంచెం పొట్టివి చేయండి.

చిత్తగించవలెను.

తా.క.: ఈ ఉత్తరం కాగితాలు నా సొంత డబ్బుతో కొన్నవి. కంటింజెన్సీలో, అంటే చిల్లర ఖర్చుల పద్దులో రాయలేదు, ఆడిటర్ గారికి చెప్పగలరు.