కొలువుతో వచ్చి కొలువుతో పోయే పౌరసత్వం

వివిధ దేశాల పౌరసత్వ నియమాల మీద వచ్చిన వ్యాసంలో, వాటికన్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరులు కాలేరని వ్యాసకర్త రాసింది నిజమే గానీ, ఆ పౌరసత్వం పోయాక ఏమవుతుందో కూడా చెప్పి ఉంటే బాగుండేది. అది కొలువుతో వచ్చి కొలువుతోనే పోతుంది. అలా పోగొట్టుకున్నవారికి వేరే ఏ దేశపు పౌరసత్వమూ లేకపోతే, ఇటలీకీ వాటికన్‌కూ మధ్య 1929లో కుదిరిన లాటెరన్ ఒప్పందం ప్రకారం వారిని ఇటలీ పౌరులుగా పరిగణిస్తారు. మరో చిన్న దేశం మొనాకోలోనైతే పెళ్లి ద్వారా పౌరసత్వం కోరేందుకు ఆగాల్సిన కాలాన్ని 2021 నాటి చట్టంతో పదేళ్ల నుంచి 20 ఏళ్లకు పెంచారు. వాటితో పోలిస్తే భారతీయులను పెళ్లాడిన విదేశీయులను మన 1955 పౌరసత్వ చట్టం అడిగే ఏడేళ్ల నివాసం పెద్ద కష్టమేమీ కాదనిపిస్తుంది.

కావలిలో ఉండే మా తమ్ముడి కొడుకు ఇటలీ అమ్మాయిని పెళ్లి చేసుకున్నప్పుడు, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి నోటీసును 30 రోజుల పాటు బోర్డు మీద ఉంచారు. ఎవరైనా చించేస్తారేమోనని మా మరదలు రోజూ కూరగాయలకు వెళుతూ దాన్ని చూసి వచ్చేది. ఆ అమ్మాయికి ఇటలీ పౌరసత్వం వదులుకోవడం ఇష్టం లేదు, మన రాజ్యాంగమేమో రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. అందుకే పెళ్లి నమోదై రెండేళ్లు నిండాక ఓసీఐ కార్డుకు, అంటే విదేశీ పౌరసత్వం ఉంచుకుంటూనే ఇక్కడ ఉండేందుకు వీలిచ్చే ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’ కార్డుకు, దరఖాస్తు చేసింది. ఆ కార్డుతో ఇల్లు కొనుక్కోవచ్చు గానీ సాగుభూమి కొనకూడదు కాబట్టి, కోడలి పేరిట ఎకరం మాగాణి కొనాలన్న మా తమ్ముడి కోరిక మాత్రం తీరే దారి లేదు.