డిక్కీ ఖాళీ చేయడమే అసలు రేసు

ఆటోక్రాస్ అంటే ఏమిటో మా బాపుకు అర్థం చేయించడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు ఆటోల పోటీ అనుకున్నాడు. రెండో రోజు "కార్లు గుద్దుకుంటయా?" అని అడిగాడు. మూడో రోజు కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఖాళీ జాగాలో ప్లాస్టిక్ కోన్లు పెడతారు, ఒకసారికి ఒకే కారు వాటి మధ్య మెలికలు తిరుగుతూ పోవాలి, ఎవరికి తక్కువ సెకన్లు పడితే వాళ్ళు గెలిచినట్టు. అమెరికాలోని స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్క ప్రకారం ఒక్కో కోన్ పడగొడితే 2 సెకన్లు కలుపుతారు. దారి తప్పితే ఆ రౌండే చెల్లదు. బాపు అంతా విని, "అంటే ఆడ నువ్వొక్కనివే ఉంటవ్. అయినా ఓడిపోతవ్" అన్నాడు. ఈ క్రీడకు ఇంతకంటే మంచి నిర్వచనం నేను ఎక్కడా చదవలేదు.

రోజూ కూరగాయలకు పోయే కారును ఈ పోటీకి ఎలా తయారు చేయాలన్న విషయంలో మన హనుమకొండ యువతకు కొన్ని గట్టి నమ్మకాలున్నాయి. ముందు స్టిక్కర్లు వేయాలి. తర్వాత సైలెన్సర్ మార్చాలి. ఆ తర్వాత వెనకాల ఒక రెక్క బిగించాలి. రెక్క గాలిని పట్టి బండిని నేలకు అదమాలంటే మంచి వేగం ఉండాలి. ఆటోక్రాస్‌లో మనలాంటి వాళ్ళ బండి చాలావరకు రెండో గేరులోనే తిరుగుతుంది. ఆ వేగంలో రెక్క చేసే పని, పెళ్ళిలో తోటి పెళ్ళికొడుకు చేసే పని ఒక్కటే. ఇక సైలెన్సర్ మారిస్తే బండి వేగం పెరగడం మాట ఎలా ఉన్నా, చౌరస్తాలో పోలీసు మన వైపు నడిచే వేగం మాత్రం పెరుగుతుంది.

నిజానికి మొదట చేయాల్సింది ఏదీ తగిలించడం కాదు, ఉన్నది తీసేయడం. నాది ఆల్టో 800. ఇంజిన్ 796 సీసీ, ఖాళీ బండి బరువు సుమారు 700 కిలోలు. ఇంత చిన్న ఇంజిన్‌కు ప్రతి కిలో భారమే. పైగా లోపల వదులుగా ఏ వస్తువూ ఉండకూడదని పోటీకి ముందు తనిఖీ చేసేవాళ్ళు కచ్చితంగా చెబుతారు. మలుపులో నీళ్ళ సీసా దొర్లి బ్రేక్ పెడల్ కిందికి చేరితే ఏమవుతుందో ఊహించుకోండి. నేను ఊహించుకున్నాను. అందుకే ఒక ఆదివారం పొద్దున డిక్కీ తెరిచాను.

అందులో దొరికినవి దొరికినట్టు చెబుతాను. యూరియా సంచిలో అరసంచి మిరపకాయలు. వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ, నర్సంపేట దగ్గరి మా ఊరి నుంచి నా డిక్కీకి ఆ మిర్చి అంతకు పదేళ్ళ ముందే వచ్చి స్థిరపడింది. రెండు గొడుగులు, అందులో ఒకటి మనది కాదు. పంచకుండా మిగిలిపోయిన పెళ్ళి కార్డులు ఒక కట్ట. ఆ జంటకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఖాళీ క్యాన్, నిండు క్యాన్, మూత లేని క్యాన్. వెనక సీటు కింద నల్లబడిన బెల్లం ముద్ద ఒకటి చీమలతో సహా దొరికింది. 2024 మేడారం జాతరకు కొన్న బంగారం అది. అమ్మవార్లకు చేరాల్సింది దారిలోనే ఆగిపోయిందని అమ్మ లెంపలు వేసుకుంది. రెండేళ్ళుగా ఇంట్లో ఏ పనీ కలిసిరాకపోవడానికి కారణం దొరికిందని కూడా అంది.

అసలు కష్టం ఇక్కడే మొదలైంది. కారు నా పేరు మీద ఉంది గానీ, కారులోని ఒక్కో వస్తువుకు ఒక్కో యజమాని ఉన్నాడు. మిర్చి చిన్నమ్మది, తీయొద్దు, వాళ్ళు వచ్చి తీసుకుపోతారు. ఎప్పుడు? వచ్చినప్పుడు. డాష్‌బోర్డు మీది వినాయకుడి జోలికి నేను పోలేదు. ఆయన రెండువైపులా అంటుకునే టేపుతో గట్టిగా ఉన్నాడు కాబట్టి నిబంధనల ప్రకారం వదులు వస్తువు కాడు. స్టెప్నీ దగ్గర మాత్రం యుద్ధమే జరిగింది.

"గా స్టెప్నీ ఎందుకు తీస్తున్నవ్ రా?"

"పది కిలోల దాకా ఉంటది బాపూ. అది తీస్తే టైం తగ్గుతది."

"ఎంత తగ్గుతది?"

"సెకన్‌లో కొంత."

"పంచరైతే నీ సెకన్‌లో కొంత పెట్టుకొని తోస్తవా?"

చివరికి స్టెప్నీ, జాకీ, పానా, కాలిపట్టాలు, క్యాన్లు, కార్డులు అన్నీ దించి, పక్క గల్లీలో పాత ఇనుప సామాను కొనే అన్న కాంటా మీద తూచాం. 43 కిలోలు. ఆయన కళ్ళజోడు సర్దుకొని, "మొత్తం కలిపి ఎంతకిస్తరు?" అన్నాడు. పెళ్ళి కార్డులు మాత్రం వద్దన్నాడు.

తర్వాత టైర్లు. మామూలు టైరుతో గట్టిగా మలుపు తిప్పితే దాని అంచు లోపలికి మడత పడుతుంది. అందుకని తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసినదానికంటే గాలి కాస్త ఎక్కువ పెట్టి, టైరు అంచు నుంచి దాని పక్కభాగం (పక్కగోడ) మీదికి సుద్దముక్కతో గీత గీస్తారు. ఒక రౌండ్ తిప్పాక సుద్ద ఎంతవరకు చెరిగిందో చూస్తారు. పక్కగోడ మీద కూడా చెరిగితే గాలి చాలలేదని అర్థం. లక్షల ఖరీదు చేసే పరికరం చేయాల్సిన పనిని బడిలో దొరికే సుద్దముక్క చేసి పెడుతుంది. నేను నాలుగు టైర్ల మీద గీతలు గీస్తుంటే పంచర్ షాపు తమ్ముడు కాసేపు చూసి, గొంతు తగ్గించి, "శని పట్టిందా అన్నా?" అని అడిగాడు. ఆయన లెక్కలో ప్రతి కారుకూ, ప్రతి కాలంలోనూ గాలి ముప్పై. ముప్పై నాలుగు కొట్టమంటే, ఏమన్నా అయితే తన బాధ్యత లేదన్నాడు.

బ్రేక్ ఆయిల్ గురించి ఒక్క మాట. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 రకానికి ఉండాల్సిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, తేమ చేరాక 155. ఆయిల్ మరిగి బుడగలు కట్టిందంటే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ముందుకే పోతుంది. నా బండిలోని ఆయిల్ మాంచి డికాషన్ రంగులో ఉంది. మెకానిక్ అన్న మూత తీసి చూసి, "ఇప్పటిదాకా ఆగుతున్నది కద?" అన్నాడు. ఆగుతున్న బండికి బ్రేకులు బాగుచేయమనడం, నవ్వుతున్న మనిషిని దవాఖానాకు తోలుకుపోవడం లాంటిదని ఆయన ఉద్దేశం. మార్పించే వచ్చాను.

సీటుబెల్టు దగ్గర ఇంకో పురావస్తువు బయటపడింది. బెల్టు పెట్టుకోకపోతే వచ్చే కూత ఆపడానికి అమ్మే ఇనుప నాలుక. ఇలాంటివి అమ్మొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లో ఐదు ఆన్‌లైన్ అమ్మకందారులను ఆదేశించింది. మా బండిలో ఉన్నది అంతకుముందే కొన్నది కాబట్టి బాపు దాన్ని పాత ఇంటి దర్వాజాలా కాపాడుకుంటున్నాడు. 43 కిలోల్లో కలవకపోయినా దాన్ని నేనే తీసి జేబులో వేసుకున్నాను.

ఇదంతా చదివి ములుగు రోడ్డు మీద మొదలుపెడదామనుకునే వీరులకు ఒక మనవి. అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోటీల సంగతి చూడటానికి చెన్నైలో మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య ఉంది. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి తెరవండి. పోటీలకు, వేగ పరీక్షలకు వర్తించదని అందులో ఉంటుంది. ఆ కాగితం మన కారులోనే ఉంటుంది, పెళ్ళి కార్డుల కింద.

మరి మేమెక్కడ చేశాం? వెంచర్‌లో. ఊరి బయట రోడ్లు వేసి, నంబర్ల రాళ్ళు పాతి, ఇళ్ళు మాత్రం కట్టని ఆ స్వర్గాలకు వరంగల్ చుట్టూ కొదవ లేదు. తెలిసినాయన అనుమతిస్తే గేటు వేసుకొని, కోన్లకు బదులు పద్నాలుగు ఖాళీ పెయింటు బకెట్లు పెట్టాం. అసలు పోటీల్లో ప్రతి కోన్ చుట్టూ గీత గీస్తారు. కోన్ జరిగినా, పడిపోకుండా కొంచెం గీతలోపల ఉంటే తప్పు లేదు. ఈ సంగతి చెప్పగానే అమ్మ ముగ్గు డబ్బా తీసుకొని బయలుదేరింది. పద్నాలుగు బకెట్ల చుట్టూ పద్నాలుగు ముగ్గులు. ఏడో బకెట్ దగ్గర చుక్కలు పెట్టి పద్మం కూడా వేసింది. సహజంగానే న్యాయనిర్ణేత ఆమే.

నేను ఒక్కణ్ణే బయలుదేరాను. 43 కిలోలు తేలికైన బండి, ముప్పై నాలుగు గాలి, కొత్త బ్రేక్ ఆయిల్. 44 సెకన్లు! ఐదు బకెట్లు ఎగిరిపోయాయి, పద్మం సహా. పది సెకన్లు కలిపితే 54.

"జరుగు, నేను గూసుంట" అంటూ బాపు స్కూటరు హెల్మెట్ పెట్టుకొని పక్క సీట్లోకి ఎక్కి బెల్టు బిగించుకున్నాడు. బాపు బరువు 78 కిలోలు. దించిందంతా ఎక్కింది, పైన 35 కిలోల వడ్డీ. దారి పొడుగునా "పైలం", "బకెట్టు, బకెట్టు", "గంత తొందరేంది రా" అంటూనే ఉన్నాడు. 51 సెకన్లు పట్టింది. ఒక బకెట్టు మాత్రం ఒరిగినట్టే ఒరిగి నిలబడింది, అడుగు సగం ముగ్గు బయట. అమ్మ వంగి చూసి, నిలబడి, నా వైపు కాకుండా బాపు వైపు తిరిగి తీర్పు చెప్పింది.

"లోపల్నే ఉన్నది. ఏం కాదు."

51. బాపు హెల్మెట్ తీసి డాష్‌బోర్డు మీద వినాయకుడి పక్కన పెట్టి, ఇంటికి పోగానే ఆ స్టెప్నీ ఎక్కించమన్నాడు. సాయంత్రం చిన్నమ్మ ఫోన్ చేసి, మిర్చి సంచి ఇంకా ఆరు నెలలు అక్కడే ఉండనియ్యమంది.