కాలు ఇచ్చారు సరే, తూలితే?

తెలుగులో ‘తమాయించుకోవడం’ అని ఒక మంచి మాట ఉంది. కాలికి రాయి తగిలి ముందుకు తూలి, చేతులు విసిరి, గబగబా రెండడుగులు వేసి మళ్లీ నిలబడతామే, అది. ఒక్క క్షణం పని. చేశామన్న సంగతి కూడా సాయంత్రానికి గుర్తుండదు. కృత్రిమ కాలు పెట్టుకున్న మనిషికి మాత్రం రోజంతా ఉండే టెన్షన్ ఆ క్షణం గురించే. కాలు ఇచ్చేవాళ్లు లెక్కలోకి తీసుకోనిదీ ఆ క్షణాన్నే.

మా మావయ్యకు లారీ ప్రమాదంలో కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. కాలు పెట్టిన చోట రెండు కడ్డీల మధ్య నడిపించారు, నున్నటి గచ్చు మీద అటూ ఇటూ తిప్పారు, ఫొటో తీసుకుని పంపేశారు. ఇంటికొచ్చిన మూడో రోజు వీధి గుమ్మం గడప తగిలి బోర్లా పడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసి “మళ్లీ పడ్డావా మావయ్యా?” అని అడిగినా ఒకటే జవాబు: “పడలేదురా, తూలానంతే.” ఆ ‘అంతే’లో ఎన్ని తూలుళ్లు ఉన్నాయో ఆయన చెప్పడు, కాలు ఇచ్చినవాళ్లు అడగరు.

ఇదేదో మావయ్య ఒక్కడి అవస్థ కాదు. కెనడాలోని ఒంటారియోలో కాలు తీసేసిన 435 మందిని అడిగి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకు ముందు ఏడాదిలో పడ్డామన్నవాళ్లు 52.4 శాతం. పడతామేమోనన్న భయం ఉందన్నవాళ్లు 49.2 శాతం. ఫుట్‌పాత్‌లు సరిగ్గా ఉన్న దేశంలో ఆ లెక్క. మన సందుల్లో ఎంతుంటుందో ఊహించుకోండి.

నడకలో పాదం గాల్లో ముందుకు కదిలేటప్పుడు వేలికీ నేలకూ మధ్య ఉండే సందు ఒకటి రెండు సెంటీమీటర్లే. అందుకే ఎవరి కాలైనా దేనికో ఒకదానికి తగులుతుంది. తగిలాక ఒళ్లు ఏం చేస్తుందో కెనడాలోనే వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1994లో విడమరిచి చెప్పారు. కాలు లేచిన వెంటనే అడ్డు తగిలితే మోకాలు ఇంకాస్త మడిచి ఆ కాలినే అడ్డు మీదుగా దాటిస్తాం. అడుగు పూర్తవబోతుండగా తగిలితే ఆ కాలిని అక్కడికక్కడే కింద పెట్టేసి, రెండో కాలితో దాటతాం. ఏది చేయాలో మనం ఆలోచించం. ఆలోచించే వ్యవధి ఉండదు.

మోకాలు పోయిన మనిషికి ఈ రెండు దారులూ సగం మూసుకుపోతాయి. మోకాలిని మడిచే కండ లేదు. వేలికి ఏదో తగిలిందన్న కబురు మోసే నరం లేదు. మిగిలిన తొడకు తొడిగే సాకెట్ కుదిపితేనే తెలుస్తుంది. పోనీ కాలు కింద పెట్టేద్దామా అంటే, పూర్తిగా చాచుకోని మామూలు కృత్రిమ మోకాలి మీద బరువు వేస్తే అది గభాలున మడుచుకుపోతుంది. ఇక మిగిలింది మంచి కాలి మీద గెంతడం. గెంతాలంటే వయసు ఉండాలి. మావయ్యకు 61.

అమెరికాలో నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గోల్డ్‌ఫార్బ్ బృందం చేసిన పని నాకు అందుకే మహా నచ్చింది. వాళ్లు మనుషుల్ని కావాలని తూలించారు. ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నవాళ్ల కాలికి సరిగ్గా అనుకున్న క్షణంలో తగిలేలా, సుమారు 16 కిలోల స్టీల్ దిమ్మెను బెల్టు మీదికి మెత్తగా వదిలే యంత్రం కట్టారు. కిందికి చూడకుండా ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టారు. ఎప్పుడు తగులుతుందా అని కాచుకుని ఉండకుండా, ఏడేసి తగ్గించుకుంటూ అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నారు (కూర్చుని చేయడమే కష్టం, నేను ప్రయత్నించాను). నిజంగా పడిపోకుండా పైనుంచి పట్టీలు కట్టారు. ముందు మామూలు కాళ్లవాళ్లు ఎలా తమాయించుకుంటారో కొలిచి, ఆ లెక్కతో తూలినప్పుడు ఆదుకునే కృత్రిమ కాలు తయారు చేయాలన్నది వాళ్ల లక్ష్యం. ఈ పద్ధతిని 2019లో ప్రచురించారు. మావయ్య “తూలానంతే” అని కొట్టిపారేసిన దాని కోసం అక్కడ ఒక ల్యాబే పెట్టారు.

మన దగ్గర ఏం కొలుస్తున్నారు? 2025 జులైలో బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్ కలిసి కార్బన్ ఫైబర్ పాదాన్ని ఆవిష్కరించాయి. 125 కిలోల బరువు దాకా పరీక్షించామన్నారు. దిగుమతి పాదం దాదాపు 2 లక్షలైతే ఇది 20 వేల లోపే వస్తుందన్నారు. 2022లో ఇస్రో మైక్రోప్రాసెసర్ మోకాలు, అంటే చిప్పుతో పనిచేసే మోకాలు గురించి ప్రకటించింది. దాని బరువు సుమారు 1.6 కిలోలు, దాంతో ఒకరు కారిడార్‌లో దాదాపు 100 మీటర్లు నడిచారు. రెండూ గర్వపడాల్సిన పనులే, కాదనను. కానీ పత్రికలకెక్కిన ఆ అంకెలు చూడండి: బరువు, ధర, దూరం. అన్నీ సాఫీగా నడిచే మనిషి లెక్కలే. అంతర్జాతీయ ప్రమాణాలదీ అదే వరస. ఐఎస్ఓ 10328 పరీక్షలో కాలిని యంత్రంలో పెట్టి 30 లక్షల సార్లు నొక్కి, విరుగుతుందేమో చూస్తారు. కాలు విరిగి పడేవాళ్లు ఎందరు? నిక్షేపంలాంటి కాలు తొడుక్కునే జనం పడుతున్నారు.

పైగా తూలుడు దేశాన్ని బట్టి మారుతుంది. బూటు మడమ ఎత్తుకు సరిపోయేలా అమర్చిన కాలును గుమ్మం బయట బూటు విప్పేసి లోపలికి తెస్తే పిక్క భాగం వెనక్కి వాలుతుంది. నడుస్తుంటే ఎప్పుడూ గట్టు ఎక్కుతున్నట్టే ఉంటుంది. గుడికెళ్లినా, బంధువుల ఇంటికెళ్లినా ఇదే పాట్లు. జైపూర్ కాలు చేసిన డాక్టర్ ప్రమోద్ కరణ్ సేథీ, రామచంద్ర శర్మ ఈ సంగతి పట్టుకున్నారు కాబట్టే ఒట్టి కాళ్లతో నడిచే, గొంతుక్కూర్చునే జనానికి సరిపడే పాదం చేయగలిగారు. ఆ తెలివిని మనం తూలుడు దాకా తీసుకెళ్లలేదు. నాష్‌విల్‌లో ఎవరూ పంచె కట్టుకుని ట్రెడ్‌మిల్ ఎక్కలేదు. గడప, చీర కుచ్చిళ్లు, తడి గచ్చు, సిమెంటు రోడ్డు మధ్యలో లేచిన మ్యాన్‌హోల్ మూత: వీటి మీద లెక్కలు మనమే తీసుకోవాలి.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని నవ్వేవాళ్లున్నారు. అసలు కాలే దొరకని వాళ్లుంటే ల్యాబులు, దిమ్మెలు ఎందుకంటారు. వికలాంగుల్ని కావాలని తూలించడమేంటని కూడా అంటారు. ఈ రెండో మాటకు జవాబు పట్టీలున్న చోట తూలడం మంచిదా, వీధిలోనా అన్న ప్రశ్నే. మొదటి మాటలో కొంత న్యాయం ఉంది. కానీ పరీక్ష ఖరీదైందంటే కాలూ ఖరీదైందే కావాలని లేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు జైపూర్ కాళ్లు పంచే సంస్థ కోసం చేసిన, సుమారు 20 డాలర్ల మోకాలినే తీసుకోండి. టైమ్ పత్రిక 2009లో గొప్ప ఆవిష్కరణల జాబితాలో పెట్టింది. నాలుగు కడ్డీల అమరిక అది. అలాంటి మోకాలు మడిచినప్పుడు కాలు కాస్త పొట్టవుతుంది, వేలికీ నేలకూ సందు పెరుగుతుంది. చిప్పు లేదు, బ్యాటరీ లేదు. ఏ చవక మోకాలు గడప దగ్గర ఆదుకుంటుందో, ఏది ముంచుతుందో తూలించి చూడనిదే ఎలా తెలుస్తుంది? పడి తుంటి విరిగితే ఆ ఉచిత కాలు మంచం కిందికే పోతుంది.

అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. మనకు లెక్కంటే పంపిణీ లెక్కే. ఎన్ని కుట్టు మిషన్లు ఇచ్చాం, ఎన్ని ట్యాబులు పంచాం, ఎన్ని బోర్లు వేశాం. ఆర్నెల్ల తర్వాత మిషన్ తిరుగుతోందా, బోరులో నీళ్లున్నాయా అన్న కాలమ్ ఫైల్లో ఉండదు. ఫొటో దిగిన రోజే పథకం పూర్తి. కృత్రిమ కాలి విషయంలోనూ మనకు నచ్చేవి రెండే దృశ్యాలు. ఒకటి శిబిరం, రెండోది విజయగాథ. జైపూర్ కాలితో నాట్యం చేసిన సుధా చంద్రన్ కథను ముందుగా సినిమా తీసింది తెలుగువాళ్లమే, ఆమెతోనే నటింపజేశాం కూడా. చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. నాట్యం చేయనక్కర్లేదు, పాల ప్యాకెట్ తెచ్చుకుంటే చాలు అనుకునే మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

బీబీనగర్‌లో పాదం ఉంది, డాక్టర్లున్నారు, పక్కనే క్షిపణులు చేసే ఇంజినీర్లున్నారు. పైనుంచి పట్టీలు, ఒక ట్రెడ్‌మిల్, నాలుగు రకాల గడపలు. కాలు తీసుకునే ప్రతి మనిషినీ ఒక పూట అక్కడ తూలించి, తమాయించుకోవడం నేర్పించి, ఆ లెక్క రాసి పంపండి. ఆర్నెల్లకు ఫోన్ చేసి ఎన్నిసార్లు పడ్డారు అని కాదు, ఎన్నిసార్లు తూలారు అని అడగండి.

మావయ్య ఇంట్లో ఆ గడప తీయించేద్దామని వడ్రంగిని పిలిచాను. శుక్రవారం పసుపు రాసే గడప, అత్తయ్య ససేమిరా అంది. మావయ్య కూడా “ఉండనీరా, అలవాటైపోయింది” అన్నాడు. ద్వారబంధం పట్టుకుని దాటతాడు. ఎడం చెయ్యి పడే చోట అరచేయంత మేర రంగు లేచిపోయి, లోపలి టేకు కనిపిస్తోంది.