మాల వేస్తే స్వామి, ఊరికే మానేస్తే ఎవరు?

మందు మానేసి మూడేళ్లవుతోంది నాకు. ఇప్పటికీ ఏ ఫంక్షన్‌కెళ్లినా మొదటి ప్రశ్న "ఏమైంది, డాక్టర్ వద్దన్నాడా?" అనే. లివర్‌లో ఏదో తేడా ఉందంటే పాపం అని వదిలేస్తారు, ఏం లేదు ఊరికే మానేశా అంటే మాత్రం నమ్మరు, పైగా వాళ్లనేదో తప్పుపట్టినట్టు ఫీలవుతారు.

తెలంగాణలో ఇది మరీ ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడ 15 ఏళ్లు దాటిన మగాళ్లలో 43 శాతం తాగుతామని చెప్పారు, ఏపీలో అది 23, దేశం మొత్తం మీద 19. పుట్టినా దావతే, పోయినా దావతే. గ్లాసు పట్టుకుంటే చుట్టరికం కలుపుకున్నట్టు, వద్దంటే తెంపుకున్నట్టు.

అదే మనిషి అయ్యప్ప మాల వేస్తే చూడండి. 41 రోజులు చుక్క ముట్టడు, ఎవడూ బలవంతం చెయ్యడు, నిన్నటిదాకా "అరేయ్" అన్నోడే "స్వామీ" అంటాడు. మా బామ్మర్ది ఏటా వేస్తాడు, శబరిమల నుంచొచ్చి మాల తీసిన రాత్రే సిట్టింగ్. మందు లేకుండా ఉండగలనని వాడే ఏడాదికోసారి ప్రూవ్ చేస్తున్నాడు కదా, మరి ఆ రాత్రి ఏమవుతోంది? నాకు తోచిందేంటంటే, పేరు పోతోంది. నల్లబట్టలు, ఆ పిలుపు ఉన్నన్నాళ్లు తాగని మనిషిగా వాడికో చోటుంది. తాగేవాడికి తాగుబోతు, మందుబాబు అని బోలెడు పేర్లు, మానేసినోడికి తెలుగులో ఒక్కటీ లేదు.

ఒంటి సంగతి తేలికని అనట్లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు, మందు ఆగిపోయిన కొద్దిరోజులకే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి వణుకుతో, ఫిట్స్‌తో జనం క్యూ కట్టారు. రోజూ గట్టిగా తాగేవాళ్లు డాక్టర్ లేకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకొస్తుంది. కాకపోతే ఆ గండం కొన్ని రోజులు, సాయంత్రాలు మాత్రం జన్మంతా ఉంటాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం దాకా వెళ్లింది, 1997కల్లా సడలించేశారు. ఖజానా కారణాలు ఖజానావి, కానీ దుకాణం మూశాక ఏడున్నరకి ఆ మగాడు ఎక్కడ కూర్చోవాలన్నది ఏ జీవోలోనూ లేదు.

నాకు దొరికిన పేరు డ్రైవర్. పార్టీ అయ్యాక అందర్నీ దింపేది నేనే. ఓసారి డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్‌లో మిషన్ సున్నా చూపిస్తే కానిస్టేబుల్ వెనక సీటువాళ్లని చూసి, నన్ను చూసి, మళ్లీ ఊదించాడు. మళ్లీ సున్నానే. నవ్వొచ్చింది గానీ లోపల చిన్న గర్వం కూడా, అబద్ధమెందుకు.

మొన్న జనవరిలో మాల తీసిన రాత్రి బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, నువ్వు సాయంత్రాలు ఏం చేస్తావు అసలు?" రమ్మన్నా, వచ్చాడు. చాయ్ తాగాం, మిర్చి బజ్జీలు తిన్నాం, అరగంటలో మాటలైపోయాయి. పదేళ్లు కలిసి తాగినోళ్లం, ఏం మాట్లాడుకునేవాళ్లమో ఇద్దరికీ గుర్తురాలేదు. తొమ్మిదింటికి లేచి, రేపొస్తా అని చెప్పులేసుకున్నాడు.